ముందు ఎడమ చక్రం దగ్గర

ఇటు జరగండి. ఇంకా దగ్గరికి. ఆ చాప మీదికి రండి, నేల చల్లగా ఉంది. టీ తాగుతూనే వినండి, కానీ మధ్యలో ఎవరూ లేవొద్దు. ఈ సంగతి సగంలో ఆపితే మళ్లీ మొదలుపెట్టడానికి నాకు ధైర్యం చాలదు.

ఇది కల్పించింది కాదు. ఆ రాత్రి ఆ బండిలో నేను కూర్చుని ఉన్నాను. ఈ చెవులతోనే విన్నాను. మా ఇంటి పొయ్యి మీద ఒట్టు... ఒక్క మాట కూడా కలపడం లేదు.

మూడో తరగతితో బడి మానేసినదాన్ని. రాసిపెట్టుకోవడం రాదు కాబట్టి అన్నీ తలలోనే పెట్టుకుంటాను. ఏ బర్రె ఏ వానలో ఈనిందో, ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో అడగండి, చెబుతాను. అలాంటిదాన్ని ఒక్క పని మరిచిపోయాను. ఒకే ఒక్క పని. అది ఎక్కడికి తెచ్చిందో వినండి.

మాది మోత్కూరుకు వాగు అవతలి ఊరు. తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఆయన యాదగిరి ఒక పాత పికప్ బండి కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే రకం. మామూలుగా దానికీ వెనక చక్రాలే లాగుతాయి. పెద్ద గేరు కర్ర పక్కన ఇంకో చిన్న కర్ర ఉంటుంది. అది వెనక్కి లాగితే ముందు చక్రాలు కూడా పనిలోకి దిగుతాయి. మా వాగు మీది దారి ఎప్పుడో కోసుకుపోయింది. పత్తి అయినా, బత్తాయి అయినా, ఇసుకలో దిగి ఎక్కాల్సిందే. అందుకే వెతికి వెతికి ఆ బండి తెచ్చాడు. అన్నం తినేటప్పుడు కూడా దాని వైపే చూసేవాడు. నేను కొత్తచీర కట్టుకుంటే అంతసేపు చూసింది లేదు.

ఆ ఏడు దసరాకు బండిని నేనే కడిగాను. నాలుగు చక్రాలకూ పసుపు రాశాను. చక్రాల నడుమ నూనెలో కలిపిన కుంకుమతో నిలువు బొట్లు పెట్టాను. నూనె కుంకుమైతే తొందరగా పోదు. నిమ్మకాయలు తొక్కించాం. కొబ్బరికాయ కొట్టాం. అంతా బాగుంది.

రెండో రోజు చిట్యాలకు లోడు వేసి, చీకటి పడేసరికి వాగు దగ్గరికి వచ్చాం. మా ఆయన చిన్న కర్ర లాగాడు.

కర్ర్ర్ర్ర్...

కాళ్ల కింద ఎవరో రాళ్లు నమిలినట్టు. బండి కదిలితే ఇంకో చప్పుడు. కట్... కట్... కట్... కట్...

"ఏందే గది?" అన్నాడు.

"నన్నడుగుతవేంది? నీ బండి కదా," అన్నాను.

"నిన్నటిదాక మంచిగనే ఉండె. గిప్పుడేం రోగమొచ్చింది దీనికి?"

ఎలాగో ఆ రోజు దాటాం. మర్నాడు మోత్కూరులో శంకరయ్య మేస్త్రి దగ్గరికి తీసుకుపోయాం. మంచి మెకానిక్కే. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెబుతాడు. కానీ ఇలాంటి బండి ఆ చుట్టుపక్కల మాదొక్కటే. ముందు కింద ఉన్న గేరు డబ్బాలో నూనె మార్చాడు. చప్పుడు పోలేదు. ముందుకు పోయే పొడుగు రాడ్డు విప్పి, దాని కీళ్లకు గ్రీజు కొట్టాడు. పోలేదు. జాకీ పెట్టి ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి, చిన్న కర్ర లాగి, బండిని తిప్పి చూశాడు.

చప్పుడు లేదు.

నేల మీదికి దించాడు. మళ్లీ కర్ర్ర్... కట్ కట్ కట్.

"గాల్ల ఉంటే సప్పుడు లేదు, నేల మీద పెడితే ఉంటది. నాకు సుత అర్థమైతలేదు యాదగిరీ," అన్నాడు మేస్త్రి తల గోక్కుంటూ.

నేను బండి పక్కన నడుస్తూ చెవి పెట్టి విన్నాను. "మేస్త్రీ, చప్పుడు డబ్బాల కాదు. నేను కూసునే దిక్కు ముందటి చక్రంల వస్తాంది," అన్నాను.

ఇద్దరూ నవ్వారు. "చక్రంల గేరు ఏడుంటది చెల్లే? చప్పుడు గట్లనే తిరిగి తిరిగి ఇనపడ్తది," అన్నాడు మేస్త్రి. డబ్బా మొత్తం విప్పాలన్నాడు. సామాను తెప్పించాలి, పది రోజులు ఆగమన్నాడు. "అప్పటిదాక చిన్న కర్ర ముట్టకు. ముట్టినవనుకో, లోపల గేరు పండ్లు ఇరుగుతయి. బండి ఏడున్నది ఆడ్నే ఉంటది."

సరే అన్నాం. లోడు తగ్గించి, ఇసుక గట్టిగా ఉన్న చోటు చూసుకుని నడిపాం.

ఇక ఆ రాత్రి.

మా పక్కింటి పెంటమ్మక్కకు ఒక బర్రె ఉండేది. ఆమె భర్త హైదరాబాదులో కూలిపనికి పోయి నెలకోసారి వచ్చేవాడు. ఇద్దరు పిల్లలు. ఇల్లు గడిచేది ఆ బర్రె పాల మీదే. ఆ రోజు మధ్యాహ్నం నుంచి బర్రెకు నొప్పులు. పొద్దు గూకినా ఈనలేదు. పెంటమ్మక్క గాజులన్నీ తీసి నా చేతిలో పెట్టి, చేతికి నూనె రాసుకుని లోపల తడిమి చూసింది. ఆకుపచ్చ మట్టిగాజులు, రెండు చేతులవి. నా కొంగు చివర ముడేసుకున్నాను.

"తల ఎనకకు మలిగింది సత్తెమ్మా. కాలొక్కటే అందుతాంది." ఆమె మొహం చూడలేకపోయాను.

మోత్కూరు పశువుల డాక్టరుకు ఫోన్ చేశాం. వాగు ఎగువ ఊళ్లలో వాన పడుతోంది, నా స్కూటరు వాగు దాటదు, ఎలాగైనా బర్రెనే తీసుకురండి, ఆలస్యమైతే రెండూ దక్కవు అన్నాడు.

పెంటమ్మక్క ఏడవలేదు. మా ఆయన వైపు చూసింది. అంతే.

మా ఆయన తాళంచెవి తీసుకున్నాడు.

బర్రె నొసటన బొట్టు పెట్టాను. నలుగురు పట్టి గట్టు మీద నుంచి బండిలోకి ఎక్కించారు. ఇద్దరు మగవాళ్లు తోడు వస్తామన్నారు. బరువెక్కువైతే ఇసుకలో దిగుతుందని మా ఆయన వద్దన్నాడు. పెంటమ్మక్క వెనక బర్రె దగ్గర కూర్చుంది. నేను ముందు, ఎడమవైపు. సన్నగా జల్లు మొదలైంది.

వాగులో అప్పటికి నీళ్లు లేవు. తడి ఇసుక మాత్రమే. కానీ ఎగువ నుంచి ఒక వాసన వచ్చింది... కొత్తనీళ్లు వచ్చే ముందు మట్టి వాసన వస్తుంది చూడండి, అది. గంటలోనో అరగంటలోనో వాగు వస్తుంది.

సగం దాటాం. వెనక చక్రాలు దిగబడ్డాయి.

మా ఆయన ముందుకు తోలాడు. వెనక్కి తోలాడు. ఇంకా దిగింది. చిన్న కర్ర వైపు చూశాడు. నా వైపు చూశాడు. లాగాడు.

కర్ర్ర్ర్ర్... కట్ కట్ కట్ కట్...

వెంటనే ఆపేశాడు. "పండ్లు పోతే బండీ ఈడ్నే, బర్రె ఈడ్నే," అన్నాడు.

ఒడ్డు మీద తాటిచెట్లున్నాయి. రాలిన మట్టలు తెచ్చి చక్రాల కింద వేస్తే పట్టు దొరకొచ్చు. కత్తి, టార్చిలైటు తీసుకుని దిగాడు. పెంటమ్మక్క కూడా వెనక నుంచి దూకింది.

"నువ్వు దిగకు సత్తెమ్మా. బర్రె దిక్కు చూస్తుండు. ఇంజను బందు కానియ్యకు, మళ్ల చాలూ కాదు," అన్నాడు మా ఆయన.

ఇద్దరూ వెనక వైపు ఒడ్డుకు పోయారు. టార్చి వెలుగు చిన్నదైంది... ఇంకా చిన్నదైంది... మిణుగురు అంత అయింది.

నేను ఒక్కదాన్నే.

ఇంజన్ గుడగుడమని నడుస్తోంది. ముందు దీపాల వెలుగులో జల్లు సన్నని దారాల్లా పడుతోంది. వెనక చిన్న కిటికీలో నుంచి బర్రె ఊపిరి వినిపిస్తోంది. పెద్దగా పీల్చి... ఆపి... వదులుతోంది. నేనూ దానితో పాటే ఊపిరి పీలుస్తున్నాను. తెలియకుండానే.

అప్పుడు వినిపించింది.

గలగల.

గాజుల చప్పుడు.

ఎక్కడి నుంచో అనుకున్నాను. మళ్లీ... గల... గల. నాకు దగ్గర్లోనే. ఎడమవైపు. ముందు.

పెంటమ్మక్క తిరిగి వచ్చిందేమో అనుకున్నాను. అద్దానికి ఆవిరి పట్టింది. కొంగుతో తుడిచాను.

ముందు ఎడమ చక్రం దగ్గర ఒక మనిషి కూర్చుని ఉంది.

ఆడమనిషి. గొంతుక్కూర్చుని ఉంది. వానకు తల మీద కొంగు కప్పుకుంది. వీపు ఒక్కటే కనిపిస్తోంది. దీపాల వెలుగు పక్కకు పడి, తడిసిన కొంగు అంచు మెరుస్తోంది. రెండు చేతులూ చక్రం నడుమ పెట్టింది. నింపాదిగా... తొందరేమీ లేనట్టు... ఏదో తుడుస్తున్నట్టు.

నాకు భయం వేయలేదు. నిజం చెబుతున్నాను. పెంటమ్మక్కే అనుకున్నాను కదా.

"అక్కా, ఆడ ఏం జేస్తున్నవ్? మట్టలు దొరకలేదా?" అన్నాను అద్దంలో నుంచే.

తల తిప్పలేదు.

"అక్కా..."

టక్.

చిన్న చప్పుడు. పెట్టెకు గొళ్లెం పడినట్టు. బండి అంతా ఒక్కసారి సన్నగా కదిలింది. నా కాళ్ల కింద తెలిసింది.

అప్పుడే వెనక నుంచి, దూరం నుంచి, ఒడ్డు మీది నుంచి...

"యాదగిరీ, గా పెద్దమట్ట సుత పట్టు, నేను గివ్వి తెస్త."

పెంటమ్మక్క గొంతు.

వెనక్కి తిరిగి చూశాను. టార్చి వెలుగు అంత దూరంలోనే ఉంది. ఆ వెలుగులో ఇద్దరు. మా ఆయన, పెంటమ్మక్క.

చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. ఆమె గాజులు నా దగ్గరే ఉన్నాయి.

మళ్లీ ముందుకు తిరగాలి. తిరగడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మెడ రాలేదు. కళ్లు మూసుకునే తిరిగాను. తెరిచాను.

ఎవరూ లేరు. తడి ఇసుక. జల్లు. అంతే.

వాళ్లు వచ్చేదాకా తలుపు గొళ్లెం పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన చక్రాల కింద మట్టలు పరిచి లోపలికి వచ్చాడు. పెంటమ్మక్క వెనక ఎక్కింది.

"చిన్న కర్ర లాగు," అన్నాను.

"మేస్త్రి ఒద్దన్నడు కదనే."

"లాగు అంటున్న కదా."

నా గొంతు విని నా వైపు చూశాడు. లాగాడు.

చప్పుడు లేదు.

కర్రర్ లేదు. కట్ కట్ లేదు. వెన్నలో వేలు దిగినట్టు దిగింది. బండి ముందు చక్రాలతో ఇసుకను పట్టుకుని, మెల్లగా... మెల్లగా... పైకి లేచింది. మేం అవతలి ఒడ్డు ఎక్కి మలుపు తిరిగేసరికి వెనక హోరు వినిపించింది. వాగు వచ్చింది.

డాక్టరు దవాఖాన ముందు లైటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు గంటలు పట్టింది. పెంటమ్మక్క బర్రె మెడ పట్టుకుని దాని చెవిలో ఏదో చెబుతూనే ఉంది. ఆఖరికి బయటికి వచ్చింది... నల్లగా, జిగురు జిగురుగా, తల ఊపుతూ. దుడ్డె. డాక్టరు మెట్టు మీద కూలబడి టీ అడిగాడు. పెంటమ్మక్క అప్పుడు ఏడ్చింది. తల్లి నాకుతుంటే అది లేచి, పడి, లేచి... పొదుగు వెతుక్కుంది. మా ఆయన నవ్వాడు. ఆ బండి కొన్న రోజు కూడా అంత నవ్వలేదు.

పెంటమ్మక్కకు గాజులు ఇచ్చేశాను. వాగులో ప్రాణం దక్కిందని దుడ్డెకు వాగులచ్చి అని పేరు పెట్టింది.

తెల్లవారింది. మేస్త్రి దుకాణానికి పోయాం. చప్పుడు దానంతట అదే పోయిందంటే ఆయన నమ్మలేదు. తోలి చూశాడు. పోయింది. బండి చుట్టూ తిరిగాడు. నేను చెప్పిన ఎడమ చక్రం ముందు ఈసారి తనే కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. నెత్తి కొట్టుకున్నాడు.

"చెల్లె చెప్పిందే నిజం. చప్పుడు ఈడిదే," అన్నాడు.

ముందు చక్రాల నడుమ ఒక గుండ్రని బిళ్ళ ఉంటుందట. చేత్తో తిప్పేది. ఒక దిక్కు తిప్పితే చక్రం రాడ్డుకు కలుస్తుంది. ఇంకో దిక్కు తిప్పితే విడిపోతుంది. మాకు బండి అమ్మినాయన రెండూ కలిపే ఉంచాడు, వాటిని ముట్టుకోవద్దన్నాడు, మా ఆయన ముట్టుకోలేదు. అది రెండింటి మధ్య సగంలో ఆగితే, లోపలి పండ్లు కొసలకు కొసలు తగిలి జారుతుంటాయి. అదే కట్ కట్. చక్రం గాల్లో ఉంటే బరువు పడదు, చప్పుడు రాదు.

"గిది సగంల ఉండె. ఎవరో తిప్పిన్రు. ఎవరు?" అన్నాడు మేస్త్రి.

"నేను ముట్టలే," అన్నాడు మా ఆయన.

నాకు అప్పుడు గుర్తొచ్చింది.

దసరా పొద్దున. కుడి చక్రం బిళ్ళ మీది గాడి నిలువుగా ఉంది. ఎడమది వంకరగా ఉంది. వంకర గాడి మీద బొట్టు పెడితే బాగుండదని, గుడ్డ చుట్టి, రెండు చేతులతో, బలమంతా పెట్టి దాన్ని నిటారుగా తిప్పాను. నా చేత్తోనే. తర్వాత మీది అంచు నుంచి కింది అంచు దాకా, బిళ్ళ మీదుగా, ఒకే గీతగా కుంకుమ దిద్దాను.

చెప్పాను. మేస్త్రి నా వైపు, మా ఆయన వైపు చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"గంతసేపు నేను నూనెలు మార్చిన, గ్రీజు కొట్టిన. దోషమంత బొట్టుదా."

మా ఆయనా నవ్వాడు. "ఇన్ని ముచ్చట్లు యాదికుంటయి నీకు. గిదొక్కటి లేదా?"

నేనూ నవ్వేదాన్నే. కానీ చక్రం చూస్తున్నాను.

నూనె కుంకుమ ఇంకా ఉంది. కుడి చక్రం మీద గీత మీది నుంచి కిందికి ఒకటే. ఎడమ చక్రం మీద గీత... తెగి ఉంది. అంచుల మీది ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నడిమి ముక్క పక్కకు తిరిగి ఉంది. నేను తిప్పక ముందు గాడి ఎంత వంకరగా ఉండేదో, అంతే.

"మరి మళ్ల ఎవరు తిప్పిన్రు?" అన్నాను.

వేలు పెట్టి ఆ తెగిన గీత చూపించాను.

మేస్త్రి చూసి, లోపల స్ప్రింగు ఉంటుంది, బండి కొంచెం వెనక్కి జారితే పండ్లు వాటంతట అవే కలుస్తాయి, టక్‌మంటుంది అన్నాడు. నా మనసు కుదుటపడింది. అంతలోనే ఆయన బిళ్ళ పట్టుకుని తిప్పబోయాడు. రాలేదు. గుడ్డ చుట్టి రెండు చేతులతో పట్టాడు. అప్పుడు కదిలింది. దాన్ని మళ్లీ ఉన్నచోటికే తిప్పి, నెమ్మదిగా లేచాడు.

"లోపల కలిస్తే కలవొచ్చు గని... మీది బిళ్ళ తిరగొద్దు," అన్నాడు.

రాత్రి చక్రం దగ్గర నేను చూసింది అప్పుడు అందరికీ చెప్పాను. మా ఆయన, బిళ్ళ రాయి తగిలి తిరిగి ఉంటుందన్నాడు. ఇసుకలో అంత రాయి ఎక్కడిదో చెప్పలేదు. పెంటమ్మక్క, తన బర్రె మీద దయగల తల్లి ఎవరో వచ్చిందంది. గాజుల చప్పుడంటారా... ఇంజన్ వణుకుకు నా కొంగులోని గాజులే కదిలి ఉండొచ్చు. ఒప్పుకుంటాను. కానీ నేను చూసిన వీపు?

ఇంతవరకు మా ఆయనకు కూడా చెప్పని మాట ఒకటుంది. మీకు చెబుతున్నాను.

ఆమె కూర్చున్న తీరు నాకు తెలుసు. ఎడమ మోకాలు కొంచెం కిందికి పెట్టి, తల కుడివైపు వంచి... బొట్టు పెట్టేటప్పుడు నేను కూర్చునే తీరు అది. ఆ పొద్దున మేస్త్రి దుకాణంలో చూసుకుంటే నా కుడిచేతి వేళ్లకు కుంకుమ ఉంది. బర్రెకు బొట్టు పెట్టాను కదా, అదే అయి ఉంటుంది. నా చెప్పులకు ఇసుక కూడా అంటలేదు. నేను దిగలేదు. దిగలేదనే నాకు గుర్తు.

ఏమో మరి.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన పడింది. చిన్న కర్ర లాగే పని లేదు. అయినా దసరాకు నాలుగు చక్రాలకూ బొట్టు పెడతాను. బిళ్ళ వంకరగా ఉంటే వంకరగానే పెడతాను. ఎడమ చక్రం దగ్గర ఒక బొట్టు ఎక్కువ... నేల మీద. ఎవరికో నాకు తెలియదు. ఆ వంతెన దాటేటప్పుడు మాత్రం అద్దంలో నుంచి బయటికి చూడను.

తాగారా అందరూ? చిక్కగా ఉంది కదూ టీ. అవి వాగులచ్చి పాలే. ఇప్పటికి రెండుసార్లు ఈనింది. పెంటమ్మక్క పొద్దున్నే చెంబు నిండా పోసి పోతుంది, వద్దన్నా వినదు.

ఇక లేవండి, చల్లగా ఇళ్లకు పోండి. మీ దొడ్లో పాడి తరగకూడదు. మీ వాకిట్లో నుంచి పోయిన బండి మళ్లీ మీ వాకిట్లోనే ఆగాలి. చీకట్లో మీకు ఎవరైనా సాయం వస్తే... వాళ్లెవరైనా సరే... మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూడాలి.